పైచక్రం మీద చెయ్యి

రెండువేల ఎనిమిదో సంవత్సరం, ఎండాకాలం చివర. వాన ఇవాళో రేపో అని ఆకాశం వైపు చూసి చూసి అందరూ మెడలు నొప్పెట్టించుకుంటున్న రోజులు.

ఆ వీధిలో దర్జీని అరంగుళం మాస్టారు అనేవాళ్ళు. ఎవరు ఎంత మొత్తుకున్నా సరే, కుట్టు లోపల అరంగుళం బట్ట మడిచి వదలందే ఆయన సూది దించడు. "రేపు ఒళ్ళు చేస్తే?" అంటాడు. "నేను చెయ్యను మాస్టారూ" అంటే, "అందరూ అలాగే అంటారు, తర్వాత బొత్తాం తెగ్గొట్టుకుని వస్తారు" అంటాడు. ఇంటిముందు గదిలో రెండు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, గోడకి వేలాడే కొలతల టేపు. పొద్దున్నే లేచి వాకిలి తుడుచుకోవడం, పాలు కాచడం, మిషన్‌కి రెండు చుక్కల నూనె వెయ్యడం, తర్వాత వంటింట్లోకి వెళ్ళి భార్య వెనక నిలబడడం. పొయ్యి మీద గిన్నె దించేటప్పుడు ఆవిడ చెయ్యి కాలకుండా చూసుకోవాలి. ఆవిడకి కనిపించే పొయ్యి వేరు. దాన్ని తీసేసి చాలా కాలమైంది.

ఆవిడ వెనక నడుస్తోంది. వీధిలో అందరూ ఆ మాటే అనేవాళ్ళు. ఎవరికైనా మోకాలి నొప్పి ఉందని చెప్పినంత మామూలుగా.

నాలుగేళ్ళ కిందట వాళ్ళ కొడుకు పోయాడు. మెకానిక్. రోడ్డు పక్కన ఆగిపోయిన ఎవరిదో బండి కింద పడుకుని బాగుచేస్తుంటే వెనక నుంచి లారీ వచ్చింది. ఆ మర్నాటి నుంచి ఆవిడ మాట ఒక్క ఊపిరంత ఆలస్యంగా రావడం మొదలైంది. ముందు పెదవులు కదిలేవి, తర్వాత మాట వినిపించేది. వారం తిరిగేసరికి పొద్దున అడిగినదానికి సాయంత్రం జవాబు. నెల తిరిగేసరికి ఆవిడ కళ్ళూ చెవులూ ఏడాది వెనక్కి జారిపోయి, అక్కడ ఆగాయి. కాళ్ళూ చేతులూ మాత్రం ఇక్కడే ఉన్నాయి. ఆ ఏడాదిలో కొడుకు బతికే ఉన్నాడు. ఆవిడ వాడికి నీళ్ళు పెట్టింది, వాడి చొక్కా ఉతికింది, వాణ్ణి తిట్టింది. రోజుకి ఒక రోజు చొప్పున మళ్ళీ ముందుకి నడిచి నడిచి, లారీ వచ్చిన రోజుకి చేరేది. ఆ మధ్యాహ్నం కబురు ఆవిడకి కొత్తగా తెలిసేది. ఏడిచేది. మర్నాడు లేచేసరికి మళ్ళీ అదే ఏడాది మొదట్లో ఉండేది. ఇప్పటికి మూడుసార్లు అలా తిరిగింది.

వీధివాళ్ళు అలవాటు పడిపోయారు. భగ్గుమనే ఎండలో ఆవిడ జుట్టు తడిసి నీళ్ళు కారుతుంటే, ఆ ఏడాది ఇవాళ వాన కాబోలు అనుకుని తువ్వాలు ఇచ్చేవాళ్ళు. ఏదైనా చెప్పాలనుకుంటే ఎదురుగా నిలబడి చెప్పేసి వెళ్ళిపోయేవాళ్ళు, ఎప్పటికో చేరుతుందిలే అని. కూతురి పెళ్ళి కూడా అలాగే జరిగింది. ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెడితే, అందరూ అక్షింతలో పువ్వులో చేతుల్లో పట్టుకుని ఉండగా ఆవిడ కనబడని బట్టలు మడతపెడుతూ కూర్చుంది. అల్లుడు వంగి, "వెళ్ళొస్తాం అత్తయ్యా" అని చెప్పాడు. మంచివాడు. ప్రతిసారీ కొత్తగా తన పేరు చెప్పుకునేవాడు.

ఆవిడ నలుగురికి వండేది, నాలుగు కంచాలు పెట్టేది. మిగిలినవి పారబోస్తే ఆవిడ మనసు ఎక్కడ నొచ్చుకుంటుందోనని మాస్టారే తినేవాడు. నాలుగేళ్ళలో తన పంట్లాం లోపల వదిలిన అరంగుళం తనే విప్పుకున్నాడు.

"చూశావా?" అన్నాడు ఇస్త్రీ అతనితో. "నేను చెప్పలా?"

ఇస్త్రీ అతనిది పక్క కొట్టు. మాస్టారు కుట్టినవి అతను మడత పెడతాడు. ఇద్దరికీ రోజుకొక తగువు లేకపోతే పొద్దుపోదు.

*

కూతురి కాపురం కొండమీద ఊళ్ళో. నెలలు నిండుతున్నాయి. ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"నాన్నా, డాక్టరమ్మ మంచం దిగొద్దంది."

"దిగకు మరి."

"అమ్మని తీసుకురా."

"తెస్తాను. దానికేం, ఇస్త్రీ అతను కారు తోలతానన్నాడు."

"అది కాదు నాన్నా." అంది కూతురు. "డాక్టరమ్మ చెప్పిన రోజు ఎప్పుడో చూసుకున్నావా? అదీ అన్నయ్య పోయిన రోజూ ఒకటే. నేను లోపల నొప్పులు పడుతుంటే అమ్మ బయట వాడి కోసం గుండెలు బాదుకుంటుంది. మూడేళ్ళు చూశాను. ఈసారి నావల్ల కాదు. నా చెయ్యి పట్టుకునేది ఎవరు?"

"నేనున్నాను కదే."

"నువ్వుంటావులే నాన్నా." ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే ఆయనకి తేలిగ్గా ఉండేది. "నాకు అమ్మ కావాలి. ఇప్పటి అమ్మ."

ఫోన్ పెట్టేసి ఆయన మిషన్ దగ్గర కూర్చున్నాడు. పెడలు తొక్కాడు. సూదిలో దారం లేదని చాలాసేపటికి చూసుకున్నాడు.

కారు ఇంటి పక్క సందులో ఉండేది. పాతది, చిన్నది. అసలు దాన్ని నడిపింది ఆవిడే. బడి పిల్లల బట్టల మూటలు వెనక సీట్లో వేసుకుని ఊరంతా ఇచ్చొచ్చేది. మాస్టారికి నేర్పబోయి కొడుకు దండం పెట్టేశాడు. "నాన్నా, బ్రేకు నొక్కమంటే మిషన్ పెడల్లా అలా ఊపుతావేంటి? కారు కుడుతున్నావా?" అని.

ఇస్త్రీ అతను బానెట్టు ఎత్తి, లోపలికి చెవి పెట్టి విన్నాడు.

"కొండ ఎక్కాలంటే బెల్టు మార్చాలి మాస్టారూ. నాలుగేళ్ళయింది. ఎక్కుతుంటే తెగిందనుకోండి, ఇంజను నుజ్జయిపోతుంది."

ఆ బెల్టు సంగతి మాస్టారికి తెలుసు. కొడుకు పనిచేస్తూ చెబుతుండేవాడు. ఇంజనులో కింద ఒక చక్రం, పైన ఒక చక్రం. కింది చక్రం లోపలి పిస్టన్లని ఎగదోస్తుంది. పైచక్రం వాటికి దారిచ్చే తలుపులు తీసి మూస్తుంది. రెండింటినీ ఒక్క అడుగులో నడిపించేది పళ్ళున్న ఆ రబ్బరు బెల్టు. ఒక్క పన్ను అటూ ఇటూ అయిందంటే తలుపు మూసుకోకముందే పిస్టను వచ్చి దాని మొహం పగలగొడుతుంది.

"మీవాడు పనిచేసిన షెడ్డులో వాళ్ళని పిలుస్తాను. అందరూ వాడి స్నేహితులే, పరిగెత్తుకొస్తారు."

"వద్దు."

"ఎందుకు?"

"ఆ బెల్టు మీది కవరు ఆఖరున మూసింది వాడు. తెరిస్తే నేనే తెరవాలి."

"మీరు గుండీలు కుట్టేవాళ్ళు!"

"గుండీ ఊడితే మనిషి పరువు పోతుంది. బెల్టు ఊడితే పోయేది కారేగా?"

ఇస్త్రీ అతను నెత్తి కొట్టుకున్నాడు. "మీతో వాదించడం కన్నా తడిబట్టకి మడత నిలపడం నయం. సరే, రెండో మనిషి కావాలి కదా? బెల్టు తియ్యగానే పైచక్రం స్ప్రింగుల బలానికి తన్నేస్తుంది. బెల్టు వేసేదాకా దాన్ని ఒకరు చేత్తో పట్టుకోవాలి. నేనొస్తాను."

"అక్కర్లేదు. పట్టుకునే చెయ్యి ఇంట్లోనే ఉంది."

ఇస్త్రీ అతనికి కాసేపటికి గానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక గొంతు తగ్గించాడు. "ఆ రోజా?"

"ఆ రోజే."

కొడుకు ఆ బెల్టు వేసింది, పోవడానికి మూడు రోజుల ముందు. తల్లిని పిలిచి పైచక్రం పట్టుకోమన్నాడు. అందుకే ఏటా ఆ తేదీన పొద్దున్నే ఆవిడ సందులోకి వెళ్ళేది. మూసి ఉన్న బానెట్టు మీద చేతులు చాపి నిలబడేది. వేళ్ళు దేన్నో గట్టిగా పట్టుకున్నట్టు ముడుచుకుని ఉండేవి. రేకు మీద చెయ్యి జారినా ఆవిడకి తెలిసేది కాదు. ఈసారి ఆ చేతుల కింద ఇంజను తెరిచి ఉంచాలని మాస్టారి ఆలోచన. అంతకుమించి ఇంకేమైనా ఆశించాడా అంటే ఎవరికీ తెలీదు. ఆయన అడిగితే చెప్పే మనిషి కాదు.

*

ఆ పొద్దున ఎండ చురచురలాడుతోంది. కొడుకు వాడిన పనిముట్ల పెట్టె మాస్టారు తెచ్చి సందులో పెట్టాడు. జాకీ ఎక్కించి కారు ముందు చక్రం విప్పాడు. విప్పిన ఒక్కొక్క బోల్టునీ గుండీల డబ్బాలో, వరస తప్పకుండా, వేరువేరు గదుల్లో వేసుకున్నాడు. బెల్టు మీది ప్లాస్టిక్ కవరు ఊడదీసి లోపలివైపు చూశాడు. అక్కడ గ్రీసులో ఒక బొటనవేలి ముద్ర ఉంది. దుమ్ము పట్టకుండా, చెరగకుండా అలాగే ఉంది. ఆయన ఆ కవరుని తీసుకెళ్ళి కత్తిరింపు బల్ల కింద, నీడలో, బోర్లించకుండా పెట్టి వచ్చాడు. వచ్చి కాసేపు స్పానరు ఎందుకు పట్టుకున్నాడో మర్చిపోయి నిలబడ్డాడు.

ఆవిడ వచ్చింది. జుట్టు మీద సన్నటి చినుకులు. ఆ ఏడాది వానలు ముందే పడ్డాయి. ఎండలో నిలబడినా ఆవిడకి నీడ లేదు, అక్కడ మబ్బు కమ్మి ఉంది కనక.

"ఈ వానలో ఇప్పుడే చెయ్యాలా ఇది?" అంది ఆవిడ, కారుకి అవతలివైపు చూస్తూ. కొడుకు ఏదో అన్నట్టున్నాడు. "నీ మొహం. మీ నాన్న పంతమే నీకూ వచ్చింది."

మాస్టారు అవతలివైపు చూశాడు. గోడ, గోడమీద పాత పైపు, అంతే.

ఆయన కింద కూర్చుని స్పానరుతో ఇంజనుని నెమ్మదిగా తిప్పాడు. కొడుకు చెప్పినట్టు మొదటి పిస్టను పైకంటా వచ్చేదాకా తిప్పి ఆపాడు. జేబులోంచి సుద్దముక్క తీశాడు. బట్ట మీద గీసినట్టే కింది చక్రం మీదా పైచక్రం మీదా, వాటికి ఎదురుగా ఇంజను మీదా తెల్లటి గీతలు గీశాడు. కొత్త బెల్టు వేసేటప్పుడు గీతకి గీత కలిస్తే చాలు. తన పనితనానికి తనే తల పంకించాడు.

"తుడవాలా? మసేగా," అంది ఆవిడ. చేతిలో గుడ్డతో పైచక్రం శుభ్రంగా తుడిచేసింది.

"ఏయ్! ఏయ్! ఏం చేస్తున్నావే!"

ఆ అరుపు ఆవిడకి ఇంకెప్పటికో వినిపిస్తుంది. వంగి కింది చక్రం కూడా తుడిచింది. సుద్దగీతలు గుడ్డకి అంటుకుపోయాయి. మెకానిక్కులెవరూ సుద్దతో గీయరు. నూనె తగిలే చోట సుద్ద నిలవదని బడిపిల్లాడికైనా తెలుసు. ముప్ఫై ఏళ్ళు సుద్దనే నమ్ముకున్న దర్జీకి మాత్రం తట్టలేదు. ఆయన తల పట్టుకుని మట్టిలో కూలబడ్డాడు.

"గీత కాదా? చుక్కా?" అంటోంది ఆవిడ. "ఏ చుక్కరా? ఎక్కడ? ఆఁ, ఇదా! పంటి పక్కన, సూదితో పొడిచినట్టుంది. ఆ రెండో చుక్కకి ఎదురుగా రావాలన్నమాట. సరే, ఉంది ఉంది."

మాస్టారు లేచి, కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. పంటి పక్కన చుక్క. దానికి సరిగ్గా ఎదురుగా ఇంజను మీద ఇంకో చుక్క. తయారైనప్పుడే పెట్టినవి. ఎవరి సుద్దతోనూ పనిలేనివి.

"బాగా చెప్పావురా," అన్నాడు గోడ వైపు తిరిగి.

ఆవిడ రెండు చేతులతో పైచక్రాన్ని పట్టుకుంది. నాలుగేళ్ళలో మొదటిసారి ఆ వేళ్ళకి నిజంగా ఏదో దొరికింది. ఆయన బెల్టుని లాగిపట్టి ఉంచే చిన్న బిగింపు చక్రం వదులు చేసి, పాత బెల్టుని పన్ను పన్నుగా లాగి తీశాడు. ఆవిడ చేతులు కదల్లేదు. పైచక్రం కదల్లేదు.

కొత్త బెల్టు అందుకోవడానికి ఆయన వంగాడు.

"నువ్వు పట్టుకుంటావా? సరే, నీళ్ళు కళ్ళల్లోకి కారుతున్నాయి నాకు. పట్టుకున్నావా? గట్టిగా?" అంది ఆవిడ. చేతులు తీసేసింది.

అక్కడ కొడుకు పట్టుకుని ఉంటాడు. ఇక్కడ ఎవరూ లేరు. చక్రం టక్కున ఒక కుదుపుతో కదిలింది. మాస్టారు కొత్త బెల్టు విసిరేసి, లేస్తూనే రెండు చేతులతో దాన్ని ఒడిసిపట్టాడు.

నడినెత్తి మీద చల్లగా ఒక చినుకు పడింది.

తలెత్తాడు. మబ్బు కమ్మి ఉంది. గోడ మీద పైపు కొత్తగా మెరుస్తోంది. కారుకి అవతల, ఒక చెయ్యి ఇదే చక్రం మీద ఆనించి, కొడుకు నవ్వుతున్నాడు. గడ్డం గీసుకోలేదు. చెవి పక్కన నల్లటి గ్రీసు.

"నాన్నా! నువ్వెప్పుడొచ్చావ్? మిషన్ మీదున్నావనుకున్నా."

మాస్టారు చక్రాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

ఇవతల ఆవిడ కాళ్ళ దగ్గరికి నల్లటి నీడ వచ్చి కూర్చుంది. జుట్టులో చినుకులు ఆరిపోయాయి. ఆవిడ ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చుట్టూ చూసింది. తర్వాత ఆయన్ని చూసింది. నిజంగా ఆయన్నే.

"ఏవండీ," అంది. "ఇంత ముసలైపోయారేంటి?"

"నువ్వేమైనా పదహారేళ్ళ పిల్లవా?" అన్నాడు ఆయన.

ఆవిడ గోడకి ఆనుకుంది. నాలుగేళ్ళుగా ఎదురుగా నిలబడి ఎవరెవరో చెప్పివెళ్ళిన మాటలన్నీ ఒక్కసారిగా చేరాయి కాబోలు, చెవులు మూసుకుని, మళ్ళీ తెరిచింది. "అమ్మాయి పెళ్ళయిపోయింది. అల్లుడు... పాపం, అన్నిసార్లు పేరు చెప్పాడా నాకు?" వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది. "దానికి నెలలు నిండాయి. నన్ను రమ్మంది కదూ?"

"ఇప్పటి అమ్మ కావాలంది."

"వాడు..." అంది ఆవిడ. ఆపైన అడగలేదు. అడగక్కర్లేకుండానే నాలుగేళ్ళ పాత దుఃఖం వచ్చి ఆవిడ మొహంలో తన చోట తను కూర్చుంది. అది కొత్త ఏడుపు కాదు. నిలబడగలిగిన ఏడుపు.

ఆవిడ ఆయన చేతులవైపు చూసింది, ఆయన బట్టతల మీద జారుతున్న వాననీళ్ళని చూసింది, కిందికి చూసింది. ఆయనకి నీడ లేదు.

"వదలండి," అంది.

"వదిలితే ఇంజను పోతుంది."

"నేను పట్టుకుంటాను, వదలండి. ఆ చోటు నాది."

"ఏం, పేరు రాసుందా?"

"అక్కడ వాడున్నాడండీ!" ఆవిడ చేతులు చాపింది. "మీకేం తెలుసు! రోజూ పొద్దున్నే లేపుతాను. రోజూ చూస్తాను. ఆఖరి ఒక్కరోజే కదా ఏడుపు. మిగతా ఏడాదంతా వాడు నాకుంటాడు. ఇవ్వండి, నాకు అలవాటే."

అవతల కొడుకు, "అమ్మ ఏదీ? మొహం తుడుచుకుని వస్తానంది," అంటున్నాడు. బెల్టు లేనంతసేపూ ఆయనకి రెండు రోజులూ వినిపిస్తున్నాయి. చక్రం ఎవరి చేతిలో ఉండగా బెల్టు పడితే, ఆ వెనకటి రోజు వాళ్ళది. ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. బట్ట పట్టుకుంటే దాని పోగు ఎటు నడుస్తుందో తెలిసినట్టు, చేతికి తెలిసిపోయింది.

"రేయ్," అన్నాడు కొడుకుతో. "నువ్వు మూడు రోజులు ఎక్కడికీ వెళ్ళకు. ఎవరి బండి ఆగినా సరే."

"సరే నాన్నా," అన్నాడు కొడుకు.

వాడు దేనికైనా అలాగే సరే అనేవాడు. అని, తనకి తోచిందే చేసేవాడు.

ఆయన భార్య వైపు తిరిగాడు. "కాన్పుకి నేనెళ్ళి ఏం చెయ్యను? పాపకి కొలతలు తీసుకోనా? అమ్మాయి నీ చెయ్యి అడిగింది. నాది కాదు. బెల్టు అందుకో."

"నావల్ల కాదు."

"నాకు రెండే చేతులు, రెండూ దీనిమీద ఉన్నాయి. నువ్వు వెయ్యకపోతే నేనిలాగే నిలబడతాను. నా సంగతి నీకు తెలుసు."

తెలుసు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన మొండితనం మీద ఆవిడ గెలిచిన తగువులన్నీ ఆయన గెలవనిచ్చినవే. ఇది గెలవనిచ్చేది కాదని మొహం చూస్తే తెలుస్తోంది.

ఆవిడ మట్టిలోంచి కొత్త బెల్టు తీసి, గుడ్డతో తుడిచింది. వంగి కింది చక్రానికి తగిలించింది.

"వదులుండకుండా పైకి లాగమంటున్నాడు," అన్నాడు మాస్టారు. "అలా కాదు. బిగింపు చక్రం లేనివైపు ముందు. చుక్క చూసుకోమంటున్నాడు."

"చూస్తున్నాను."

"పళ్ళు కూర్చున్నాయో లేదో వేలితో తడమమంటున్నాడు."

"వాడు..." ఆవిడ చేతులు ఆగాయి. "తిన్నాడేమో అడగండి."

ఆయన అడిగాడు. విన్నాడు. "తిన్నాట్ట. రెండోసారి పెడతానంటే వద్దన్నాననీ, నువ్వు అలిగావనీ చెబుతున్నాడు."

"అలగలేదని చెప్పండి."

"అలగలేదుటరా." ఆయన నవ్వాడు. "నమ్మడంలేదు."

ఒక్కొక్క పన్నూ పైచక్రం మీదికి ఎక్కుతోంది. ఆవిడ చేతివేళ్ళు ఆయన వేళ్ళకి తగులుతున్నాయి. ఆయనవి తడిగా, చల్లగా ఉన్నాయి. ఆఖరి పన్ను దగ్గర ఆవిడ ఆగిపోయింది. బెల్టు అంచు వేలికొసన నిలబెట్టి, ఎండలో, చాలాసేపు ఉండిపోయింది. నుదుటి మీది చెమట కళ్ళల్లోకి కారినా తుడుచుకోలేదు. చెయ్యి ఖాళీ లేదు.

"ఏవండీ."

"ఊఁ."

"నాలుగేళ్ళు నేను మీతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు కదూ?"

"హాయిగా ఉండింది," అన్నాడు మాస్టారు. ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. ఆ నవ్వు ఆయన చూశాడు.

ఆవిడ పన్ను నొక్కింది. బెల్టు కూర్చుంది.

"పన్ను కూర్చుందా, చూడండి," అంది.

ఆయన పలకలేదు. కారుకి అవతల, గోడ వైపు చూస్తున్నాడు. "షెడ్డులో ఈ నెల పనెక్కువగా ఉందా?" అని అడిగాడు. జవాబు విన్నట్టు తల ఊపాడు. నెత్తి మీంచి నీళ్ళు కారి చొక్కా కాలరు తడిసింది. ఆవిడ ఆయన చేతుల్ని చక్రం మీంచి ఒక్కొక్క వేలూ విప్పి తీసింది. తీస్తే ఆయన తియ్యనిచ్చాడు. ఎవరు తీస్తున్నారో చూడలేదు.

ఆవిడ బిగింపు చక్రం బిగించింది. స్పానరు పెట్టి ఇంజనుని చేత్తో రెండు చుట్లు తిప్పింది. చుక్కకి ఎదురుగా చుక్క వచ్చి ఆగింది. ఇంట్లోకి వెళ్ళి కవరు తెచ్చి, దాని లోపలి ముద్రకి చెయ్యి తగలకుండా మూసి, బోల్టులు బిగించింది. కారెక్కి తాళం తిప్పింది. మొదటిసారికే పలికింది.

ఆ చప్పుడికి ఇస్త్రీ అతను పరిగెత్తుకొచ్చాడు. డ్రైవరు సీట్లో ఆవిడ. ఆవిడ మెడ మీద ఎండ. సందులో తడిసిపోయి నిలబడిన మాస్టారు. అతను ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. కొట్లోకి వెళ్ళి పొడి తువ్వాలు తెచ్చి మాస్టారి తల తుడిచాడు.

"నేను తోలనా అక్కా?" అన్నాడు.

"వద్దు తమ్ముడూ," అంది ఆవిడ. "నేనే తోలతాను. ఆయన్ని ఎక్కించు."

*

కొండ దారిలో కారు ఎక్కడా ఆగలేదు.

కూతురికి డాక్టరమ్మ చెప్పిన రోజునే నొప్పులు వచ్చాయి. ఆస్పత్రిలో లోపలి గదిలో తల్లి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం వేళ బయట వరండాలో బెంచీ మీద కూర్చున్న మాస్టారు ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. ఎవరో ఎదురుగా వచ్చి ఏదో చెప్పినట్టు విన్నాడు. ఆ తర్వాత ఆయన అరిచిన అరుపు రెండు గోడలు దాటి లోపలికి వినిపించింది. అల్లుడు ఆయన్ని పొదివి పట్టుకున్నాడు. నర్సు వెళ్ళి తలుపు మూసింది.

"నాన్నేనా అమ్మా?" అంది కూతురు.

"నాన్నే."

"వెళ్ళమ్మా. వెళ్ళి పట్టుకో."

ఆవిడ లేచి వెళ్ళలేదు. కూతురి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "నువ్వు ఊపిరి బిగపట్టకు, వదులు," అంది. బయట అరుపు ఆగేవరకూ ఆ మాటే అంటూ ఉంది. ఆ సాయంత్రం ఆడపిల్ల పుట్టింది.

ఆ పాపకి ఇప్పుడు మాటలొచ్చాయి. తాతయ్య ఒళ్ళో కూర్చుని గుండీల డబ్బా బోర్లించి ఆడుకుంటుంది, ఆయన మీసం పట్టి లాగుతుంది. ఆయన ఆ పాపని ఇంతవరకూ చూడలేదు.